మనిషి లేని నేల: నైరూప్య ప్రకృతిచిత్రం మీద కొంత చర్చ

మన మిత్రుల్లో ఒక అలవాటు వున్నది. ఎవడైనా కొత్త చిత్రకారుడు తన చిత్రాలన్నీ ఒకచోట చేర్చి ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టాడనీ, అవి నైరూప్య ప్రకృతిచిత్రాలనీ తెలిస్తే చాలు, వారు అడిగే మొదటి ప్రశ్న "ఇందులో మనిషేడీ?" అని. రెండో ప్రశ్న వుండదు. మొదటి ప్రశ్నతోనే తీర్పు అయిపోతుంది. కొడవలి పట్టిన చెయ్యి కనిపిస్తే అభ్యుదయం, ఆకుపచ్చ మరకా దానిమీద బూడిదరంగు గీతా కనిపిస్తే బూర్జువా క్షీణత్వం. వ్యవహారం ఇంత సులువైతే విమర్శకుడితో పనిలేదు. తలలు లెక్కపెట్టటానికి జనాభా లెక్కల గుమాస్తా చాలు.

ఎదుటి పక్షం వారిది ఇంకొక అలవాటు. "అనుభవించండి, అర్థం అడక్కండి" అంటారు. ప్రదర్శనశాల గోడ పక్కన నిలబడి ఈ మాట చెప్పే పెద్దమనిషి, చిత్రం ధర అడిగితే మాత్రం ఏ అస్పష్టతా లేకుండా చెబుతాడు.

పైకి కొట్లాడుకుంటున్నట్లు కనిపించే ఈ రెండు పక్షాలకూ ఒక విషయంలో పూర్తి ఏకాభిప్రాయం వున్నది. నైరూప్య చిత్రానికీ లోకానికీ సంబంధం లేదని ఇద్దరూ నమ్ముతారు. ఒకరు దాన్ని నేరమంటారు, మరొకరు ఘనత అంటారు. ఆ సంబంధం వున్నదనీ, దాన్ని పట్టి చూడవచ్చుననీ నా అభిప్రాయం. పట్టి చూసే ఓపిక లేకనే మనం తలలు లెక్కపెడుతున్నాం.

ఈ విషయంలో మన పక్షం చరిత్ర అంత గర్వించదగ్గది కాదని విద్యార్థి మిత్రులకు చెప్పాలి. 1962 డిసెంబరు 1న మాస్కోలో మానేజ్ ప్రదర్శనశాలకు వెళ్ళిన కృశ్చేవ్ అక్కడి నవ్యచిత్రకారులను నోటికొచ్చినట్లు తిట్టాడు. ఆరోజు ఆయనతో ముఖాముఖి వాదించిన శిల్పి ఎర్నస్ట్ నెయిజ్వెస్త్నీయే, 1971లో కృశ్చేవ్ చనిపోయిన తర్వాత ఆయన సమాధికి నల్లరాయీ తెల్లరాయీ కలిపి స్మారకశిల్పం చేశాడు. కుటుంబమే అతన్ని కోరింది. అయితే అవతలి ఒడ్డున వున్నవారు పునీతులని కాదు. "సాంస్కృతిక స్వాతంత్ర్య మహాసభ" అనే సంస్థకు అమెరికా గూఢచారి శాఖ డబ్బు ముట్టుతూ వచ్చిన సంగతి 1966, 67 సంవత్సరాల్లో బయటపడింది. అమెరికా నైరూప్య చిత్రాలను స్వేచ్ఛకు జెండాలుగా యూరపులో ఊరేగించిన కాలం అది. అంటే ఆ చిత్రాలు రాజకీయాలకు అతీతమని ఎవరు ఎంత చెప్పినా, రాజకీయాల్లో ఆరితేరినవారు మాత్రం వాటిని అలా చూడలేదన్నమాట. అంతమాత్రాన ఆ రంగుల్లోనే గూఢచారి దాగి వున్నాడనుకోవటం మళ్ళీ తలలు లెక్కపెట్టే పనే.

అసలు సంగతికి వస్తాను. నైరూప్యమంటే తీసివెయ్యటం. చెట్టులోంచి ఆకులు తీసేస్తే నిలువుగీత మిగులుతుంది. ఊళ్ళోంచి ఇళ్ళు తీసేస్తే గోడల వాలు మిగులుతుంది. ఈ తీసివేత చిత్రకారులు ఒక్కరే చేస్తున్నారా?

నేను కొవ్వూరు వాణ్ణి గనక కొవ్వూరు నుంచే చెబుతాను. మా వూరి గట్టుమీద నిలబడి చూస్తే కనిపించేదాన్నంతా ప్రకృతి అని పిలవటం మనకు అలవాటయింది. నది, లంకలు, కాలవలు, వాటి వెంట కొలిచి కోసినట్లున్న వరిమళ్ళు. ఇందులో ప్రకృతి ఎంత? పంతొమ్మిదో శతాబ్ది తొలి సగంలో కరువులూ తుఫానులూ ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టాయి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు. ఆ తర్వాతే ఈ కాలవల వలా, ఈ మడుల పచ్చదనమూ. ఒక్కొక్క ఆకుపచ్చ పలకకూ ఒక సర్వే నంబరు వున్నది, ఒక శిస్తు వున్నది, ఒక పట్టాదారు పేరు వున్నది. ఆ పేరులో చేరని నాట్ల కూలీల నడుములూ వున్నవి. ఆకాశం నుంచి చూస్తే డెల్టాయే ఒక నైరూప్య చిత్రం. దాన్ని అలా గీసింది కాలవ తవ్విన పార, సర్వే గొలుసు, నాగలి. కనక ఒక కుర్రవాడు మా పొలాలను నాలుగు ఆకుపచ్చ పట్టీలుగా వేస్తే వాడు లోకాన్ని వదిలి పారిపోయాడని నేననను. ఆ పట్టీల అంచులు ఎలా వేశాడో చూస్తాను.

ఇంకొక ఉదాహరణ. మాకు ఎగువన పోలవరం వున్నది. అక్కడ జలాశయంలో నీటి పూర్తిమట్టం 45.72 మీటర్లని నిర్ణయించారు. పాతలెక్కలో 150 అడుగులు. ఇంజనీరు పటం మీద అది మెలికలు తిరిగిన ఒక సన్నని గీత. చూడటానికి అందంగా కూడా వుంటుంది. ఆ గీతకు కిందవున్నదంతా ఖాళీ చెయ్యవలసిందే: కోయల గూడేలు, కొండరెడ్ల ఇళ్ళు, చింతతోపులు, శ్మశానాలు. లక్షకు పైగా కుటుంబాలు. ఆ గీతలో మనిషి లేడు. అంతకన్న పరిపూర్ణమైన నైరూప్య ప్రకృతిచిత్రాన్ని ఏ చిత్రకారుడూ గియ్యలేదు. కాఫర్ డ్యాము కట్టిన తర్వాత వచ్చిన వరదల్లో దేవీపట్నం వీధుల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు, ఆ గీత పటం మీంచి నేలమీదికి దిగింది.

తీసివెయ్యటంలో తప్పులేదు, తీసివెయ్యకుండా కళా లేదు, శాస్త్రమూ లేదు. దేన్ని తీసేశారు, తీసేసినచోట గాటు మిగిలిందా, లేక గాటు కూడా కనిపించకుండా రంగు పూశారా అన్నదే నా ప్రశ్న. ఇంజనీరు పటంలో గాటు వుండదు. మంచి చిత్రంలో వుంటుంది.

రూపమున్న చిత్రాల్లో ఈ తీసివేత లేదని భ్రమపడేవారు మా వంతెన దాటి రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళాలి. రామారావుగారు 1897లో పుట్టి, 1925లో మశూచికంతో పోయారు, ఇరవయ్యెనిమిదేళ్ళు నిండలేదు. ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలుగా వున్న కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళి వచ్చి, తెలుగుదేశంలో ఒక కొత్త చిత్రకళా సంప్రదాయానికి పునాది వేశారు. తూర్పు కనుమల నడుమ గోదావరిని ఆయన చూసినంత ప్రేమగా చూసిన చిత్రకారుడు లేడు. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి పలచబడే తీరు, నీటికీ పొగమంచుకీ మధ్య తేడా చెరిగిపోయే తీరు ఆయన చెయ్యే పట్టుకున్నది. అయితే ఆయన రాజమండ్రిలో కుంచె పట్టిన ఆఖరి సంవత్సరాలు ఏవి? 1922 నుంచి 1924 దాకా అదే గోదావరి ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం తిరగబడింది. ఆ కొండల్లోకి పోలీసులూ పటాలాలూ ఎక్కి దిగాయి. రామారావుగారి కొండల్లో ఆ అలికిడి లేదు. ఇది ఆయన మీద అభియోగం కాదు; ప్రతి చిత్రకారుడూ ప్రతి తిరుగుబాటునూ వెయ్యాలన్న నిబంధన నాకు నచ్చదు. నేననేది ఇంతే: చెట్టు చెట్టులాగానే, కొండ కొండలాగానే కనిపించే చిత్రంలో నుంచి కూడా ఒక చరిత్ర మొత్తం జారిపోగలదు. పోలిక వున్నంత మాత్రాన వాస్తవికత వున్నట్లు కాదు.

ఇక నైరూప్యం దగ్గరికి. మన దేశంలో ఈ చర్చకు అసలైన ఉదాహరణ రామ్‌కుమార్. 1924లో సిమ్లాలో పుట్టి 2018లో పోయిన ఈయన చిత్రకారుడే కాక హిందీ కథకుడు కూడా. పారిస్‌లో ఫెర్నాండ్ లెజే దగ్గర, ఆంద్రే లోత్ దగ్గర చదువుకుంటూ అక్కడి కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. తిరిగివచ్చి 1950లలో వేసిన చిత్రాలు మన తలల లెక్కకు నూటికి నూరు మార్కులు తెచ్చుకునేవి: ఉద్యోగం దొరకని యువకులు, ఇరుకు వీధులు, దిక్కుతోచని కళ్ళు. 1960 ప్రాంతంలో హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్ళాడు. కాశీ అంటే జనం. ఆ జనసముద్రంలో నిలబడి ఆయన తన చిత్రాల్లోంచి జనాన్ని తీసేశాడు. ఘట్టాల మెట్లు, ఒకదానిమీద ఒకటి ఒరిగిపోయిన ఇళ్ళు, నీటి అంచు, బూడిద, మట్టి రంగు మిగిలాయి. మనవాళ్ళు కొందరు ఆయన పారిపోయాడన్నారు.

నేను ఒప్పుకోను. తొలి కాశీ చిత్రాల్లో ఇళ్ళు కిక్కిరిసి వుంటాయి. కిటికీలు నల్లటి గంట్లలాగా వుంటాయి. అక్కడ ఎవరో వున్నారు, లేదా ఇప్పుడే లేచి వెళ్ళిపోయారు. ముందు దశకంలో ముఖాల మీద వున్న దిగులు ఇక్కడ గోడల్లోకి ఇంకింది. తీసేసినచోట గాటు వున్నదని నేననేది దీన్నే. తర్వాతి దశకాల్లో ఆయన రంగుల పలకలు విశాలమై, గాలిలో తేలటం మొదలుపెట్టిన తర్వాత మాత్రం నాకు ఆ గాటు అంతగా కనిపించదు.

ఆ రామ్‌కుమార్ దగ్గర ఢిల్లీలో శిష్యరికం చేసిన తెలుగువాడు సూర్యప్రకాశ్. 1940లో ఖమ్మం జిల్లా మధిరలో పుట్టి, హైదరాబాదు లలితకళల కాలేజీలో చదివి, 2019లో కన్నుమూశాడు. నైరూప్య ప్రకృతిచిత్రమన్న మాట తెలుగునాట ఎవరికైనా నిజంగా చెల్లితే ఈయనకే చెల్లుతుంది. ఈయన గురించి మన పత్రికల్లో నిలకడైన చర్చ జరగవలసినంతగా జరగలేదు.

సూర్యప్రకాశ్ వర్ధమాన చిత్రకారుడుగా వున్న రోజుల్లో ఎంచుకున్న "ప్రకృతి" ఏది? పాత మోటారుకార్ల తుక్కు దిబ్బ. నలిగిన రేకులు, విడగొట్టిన ఇంజన్లు, తుప్పు పట్టిన చట్రాలు. వాటిని ఒక కొండవాలును చూసినట్లు చూశాడు. ఇనుపరేకు వంపులో లోయ వున్నది, తుప్పులో మట్టి వున్నది. చాలాచోట్ల ఇది రేకా రాయా అని తేల్చుకోలేం. ఆ తేల్చుకోలేకపోవటంలోనే చిత్రం పనిచేస్తుంది. మనిషి బొమ్మ లేని ఆ చిత్రాల్లో మనిషి చెయ్యి పడని అంగుళం లేదు. ఎవడో కరిగించి పోసిన ఇనుము, ఎవడో బిగించిన మర, ఎవడో ఎక్కి తిరిగి వదిలేసిన బండి, చివరికి ఎవడో సుత్తితో విడగొట్టి తూకానికి అమ్మబోయే తుక్కు. సరుకు పుట్టుక దగ్గర్నుంచి చావు దాకా ఆ తుప్పురంగులో వున్నది. కార్మికుడి బొమ్మ గీసి దానికింద "శ్రమ" అని పేరుపెట్టిన ఎన్నో చిత్రాలకన్న నాకు ఇక్కడ శ్రమ ఎక్కువగా కనిపించింది.

తర్వాత ఆయన మారాడు. ఎండిన చెట్ల మీంచి, చివరికి ఆకులమీదికీ నీటిమీదికీ వచ్చాడు. తామరాకులు, రాలిన ఆకులు, నీటిలో ఆకాశం, దానిమీద వెలుగు తునకలు. హైదరాబాదులో ఒక పెద్ద మందుల కంపెనీ ఆయనకు ఆశ్రయమిచ్చింది. ఈ చిత్రాలే ఆయనకు పేరు తెచ్చాయి. చేతి పనితనం దృష్ట్యా చూస్తే తుక్కు చిత్రాలకన్న ఇవే గొప్పవని ఒప్పుకుంటాను. నీటి పైపొర, లోపలి పొర, ఆ పొరమీద పడ్డ నీడ, మూడింటినీ ఒకే రంగుల అల్లికలో నిలబెట్టటం సామాన్యమైన పనికాదు.

అయినా నాకు తృప్తి కలగలేదు. కారణం చెప్పాలి. అలసినవాడికి నీటిమీది వెలుగు చూపించటం నేరమని నేననుకోను. అందం ఒక వర్గానికి రాసిచ్చిన ఆస్తి కాదు. నా ఫిర్యాదు ఆ నీటికి గట్టు లేకపోవటం గురించి. చాలా చిత్రాల్లో ఒడ్డు చట్రానికి అవతలే ఆగిపోతుంది. కాన్వాసు నాలుగు అంచులదాకా నీరే. ఇది మోనే నుంచి వచ్చిన పద్ధతి. ఆయన కలువల చిత్రాల్లోనూ ఒడ్డు వుండదు. కాని ఆ కొలను ఎక్కడిది? 1893లో మోనే జివర్నీలో స్థలం కొని, ఎప్ట్ నది పాయ నుంచి నీరు మళ్ళించుకోవటానికి అనుమతి అడిగి, తవ్వించుకున్నాడు. ఊరి రైతులు తమ నీటికి ఏమవుతుందోనని అభ్యంతరం చెప్పారు. జీతానికి పెట్టుకున్న తోటమాలులు రోజూ శుభ్రం చేసేవారు. ఒడ్డు చూపిస్తే ఇదంతా చూపించినట్లవుతుంది. ఒడ్డు తీసేస్తే నీరు అనంతమవుతుంది, ఎవరిదీ కానిదవుతుంది.

మధిర పరిసరాల్లో పుట్టిన చిత్రకారుడికి చెరువంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. కట్ట లేకుండా చెరువు లేదు. తూము లేకుండా ఆయకట్టు లేదు. తూమెత్తే నీరటి లేకుండా చివరి మడికి తడి లేదు. కట్ట తెగినరోజున ఊరంతా తట్టలెత్తుకుని పరుగెత్తాలి. ఆ చెరువును తీసుకుని గట్టు కోసేసి మిగిలిన నీటిని కాన్వాసు మీద పెడితే, అది చూడముచ్చటగా వుంటుంది. కాని తుక్కుదిబ్బ చిత్రాల్లో వున్న గాటు ఇందులో లేదు. అక్కడ అన్నీ అంచులే. తెగిన అంచులు, మడిచిన అంచులు, చేతికి తగిలితే కోసుకునే అంచులు. ఒకే చిత్రకారుడిలో, ఒకే నైరూప్య పద్ధతిలో ఈ రెండూ వున్నాయి. కాబట్టి దోషం పద్ధతిదంటే చెల్లదు. (ఆ నీటి చిత్రాల్లో రాలి కుళ్ళుతున్న ఆకులు కొన్నింటిలో వున్నవి. వాటిని చూసినప్పుడు నా ఫిర్యాదు కొంత మెత్తబడుతుంది.)

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన వైపు కుర్రవాళ్ళు ఈ దారినే నడవటం మొదలుపెట్టారు గనక. ఒక చిన్న ఊళ్ళో తొలిసారి ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టడమంటే ఏమిటో మన విమర్శకులు గమనించరు. హాలు అద్దె, చట్రాలు, ఆహ్వానపత్రం, రంగుల ఖరీదు అంతా చేతి డబ్బు. ఆ డబ్బు తిరిగి రావాలంటే కొనేవాడు కావాలి. కొనేవాడు గోదావరి కావాలంటాడు. ఏ గోదావరి? పడవ, పొగమంచు, సూర్యోదయం, ఒడ్డున ఒంటరి చెట్టు. కాలెండరు గోదావరి. మా కొవ్వూరు మండలంలోనే కుమారదేవంలో గట్టున ఒక నిద్రగన్నేరు చెట్టు వుండేది. నూరేళ్ళు దాటిన చెట్టు. దానికింద తీసిన సినిమాలకు లెక్కలేదు గనక దానికి "సినిమా చెట్టు" అనే పేరు వచ్చింది. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. జనం తరలివచ్చి చూశారు, పత్రికలన్నీ కన్నీరు పెట్టుకున్నాయి. ఆ కన్నీరు అబద్ధమని నేననను. అయితే అన్ని సినిమాల్లో ఆ చెట్టు కనిపించింది గాని, దాని అవతలి పొలాల్లో కౌలు ఎంతో, ఆ గట్టు ఎన్నిసార్లు కోతకు గురయిందో ఒక్క చట్రంలోకీ రాలేదు. ఈ కాలెండరుకు లొంగకుండా, పడవా చెట్టూ పక్కనపెట్టి, ఇసుకా నీరూ గట్టూ అనే మూడు పట్టీలతో కుస్తీపట్టే కుర్రవాడు అమ్ముడుపోయే సరుకును కాదనుకుంటున్నాడు. అతన్ని "మనిషేడీ" అని మొదటిరోజే తరిమేస్తే, వాడు తిరిగి వెళ్ళేది రైతు బొమ్మ దగ్గరికి కాదు, కాలెండరు దగ్గరికి.

అలాగని అతన్ని నెత్తిన పెట్టుకోమనీ అనను. అడగవలసినవి అడగాలి. నీ పసుపు ఇసుక ఏ రేవుది? ఆ రేవులో లారీలు తోడిన గుంట ఎక్కడ? నీ నది మీద ఆ అడ్డగీత ఏమిటి, 1900లో రైలు నడిచి 1997లో ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెనా, లేక చిత్రానికి బలం చాలక వేసిన గీతా? ఇలా అడిగితే అతను జవాబు మాటల్లో చెప్పనక్కర్లేదు. మరుసటి చిత్రంలో ఆ గీత మందమే మారుతుంది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. మన నైరూప్య చిత్రకారులకు "శీర్షిక లేదు, 1", "శీర్షిక లేదు, 2" అని చీటీలు అంటించే జబ్బు పట్టుకున్నది. పేరుపెడితే చూసేవాడి ఊహకు సంకెళ్ళు పడతాయని వాదన. కొన్ని చిత్రాలకు అది నిజమే కావచ్చు. కాని ఒక ముదురు గోధుమరంగు నీటి చిత్రం కింద "దేవీపట్నం" అని ఒక్కమాట వ్రాసి వుంటే, మా జిల్లాలో దాన్ని చూసేవాడి ఊహకు సంకెళ్ళు పడతాయా? వాడు ఆ చిత్రం ముందు రెండు నిమిషాలు కాక పది నిమిషాలు నిలబడతాడు. నీటి కింద ఎక్కడ వీధి వున్నదో వెతుకుతాడు. చిత్రకారుడు వీధి వెయ్యలేదు గదా అంటారేమో. వెయ్యకపోయినా వాడు వెతుకుతాడు, ఆ రంగు వెతకనిచ్చేట్టు వున్నదా లేదా అన్నది అప్పుడు బయటపడుతుంది. రంగు పలచనైతే ఒక్కమాట దాన్ని నిలబెట్టలేదు, అదీ అప్పుడే బయటపడుతుంది. ఊళ్ళ పేర్లు తెలిసిన చిత్రకారుడు వాటిని చీటీలమీద నుంచి తీసెయ్యటానికి, పటం మీద గీతగీసి వాటిని తీసేసినవారికీ మధ్య తేడా వుండాలి.

ఇంకొక చిన్న విషయం, ఇది ప్రదర్శన పెట్టేవారికి. ఉదయం పదిగంటల నుంచి సాయంత్రం అయిదు దాకా అని పెట్టే వేళలు ఉద్యోగానికి సెలవు పెట్టగలిగినవారికీ, వ్యాపారం ఇంకొకడి చేతికి అప్పగించగలిగినవారికీ సరిపోతాయి. ఇసుక రేవులో పనిచేసేవాడు, పొలంలో నాట్లు వేసే ఆమె ఇల్లు చేరేసరికి దీపాలు పెడతారు. మా వూళ్ళలో హరికథలూ నాటకాలూ ఎప్పుడూ రాత్రి భోజనాల తర్వాతే మొదలయ్యేవి. తొమ్మిది దాకా తలుపులు తీసివుంచి, గోడలకు నాలుగు మంచి దీపాలు ఎక్కువ కట్టించండి. ఇసుక రంగు సరిగ్గా వచ్చిందో లేదో, కాలవ గట్టు వాలు అలా వుంటుందో వుండదో ఆ వచ్చేవారు చెబుతారు.